ఊట మళ్ళీ ఊరేదాకా

(కీళ్ళవాతంతో బాధపడుతున్నవారి కోసం, వారి కుటుంబసభ్యుల కోసం నల్లగొండలో జరిగిన ఒక సమావేశంలో విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేసిన తమ్ముడు "స్టెరాయిడ్ మాత్రలు మానేసిన టీచరమ్మ" అన్నాడు. ముందుగా ఆ మాట సరిదిద్దాలి. నేను మానేయలేదు. ఈరోజు ఉదయం కూడా ఉప్మా తిని, రెండున్నర మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేసుకునే బస్సెక్కాను. 2019 ఆగస్టులో 20 మిల్లీగ్రాముల దగ్గర మొదలుపెట్టి, తగ్గించుకుంటూ, మధ్యలో రెండుసార్లు వెనక్కి వెళ్ళి, మళ్ళీ తగ్గించుకుంటూ ఇక్కడిదాకా వచ్చాను. మీలో చాలామందికి ఇంట్లో "ఇంకా మానలేదా?" అనే ప్రశ్న రోజూ ఎదురవుతూ ఉంటుంది. ఆ ప్రశ్న అడిగే భర్తలు, కొడుకులు, కోడళ్ళు కూడా ఈరోజు మీ వెంట వచ్చారు. నా మాటల్లో సగం వాళ్ళ కోసమే.

మాది మర్రిగూడ మండలంలో ఒక పల్లె. ఫ్లోరైడ్ నీళ్ళ గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని బడిలో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టి 'నల్లగొండ టెక్నిక్' అంటారనీ చెప్పేదాన్ని. అందువల్లే 2017లో నా వేళ్ళు వాచినప్పుడు, తెల్లవారి లేచాక చాక్‌పీసు పట్టుకునే పట్టు కూడా చేతికి రానప్పుడు, ఇంట్లో అందరూ "ఫ్లోరైడ్ నొప్పులే" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. జీవశాస్త్రం చెప్పే మనిషిని కూడా ఊరి అనుభవం అలా నమ్మించింది. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ నీళ్ళతో వచ్చే ఎముకల జబ్బు, ఎక్కువగా వెన్నెముకను, పెద్ద కీళ్ళను బిగించేస్తుంది. ఎముకే గట్టిపడుతుంది. నాకు వాచినవి వేళ్ళ కణుపులు, మణికట్లు, రెండు చేతులకూ ఒకేలా. పొద్దున గంటన్నర దాకా చేతులు విప్పుకునేవి కావు. అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతమని తెలిసేసరికి రెండేళ్ళు గడిచిపోయాయి. ఈ జిల్లాలో ప్రతి నొప్పికీ నీళ్ళనే కారణంగా చూడకండి. వేళ్ళ కణుపులు వాచి, పొద్దునపూట గంటకు మించి పట్టేసి ఉంటే రక్తపరీక్ష చేయించుకోండి.

ఆ రెండేళ్ళూ నేను తిన్నది ఒక కాగితపు పొట్లం. ఊరి వైద్యుడు ఇచ్చేవాడు. అతడు నాకు కీడు తలపెట్టలేదు, నా నొప్పి చూడలేక ఇచ్చాడు. పొట్లంలో పేరు లేని చిన్న తెల్ల మాత్రలు ఉండేవి. మొదటి మాత్ర వేసుకున్న మర్నాడే నేను చీర కుచ్చిళ్ళు సొంతంగా పెట్టుకోగలిగాను. ఆ ఆనందం ఎంతటిదో ఇక్కడున్న ఆడవాళ్ళకు వివరించనక్కరలేదు. ఆకలి పెరిగింది, ముఖం నిండుగా అయింది, "ఒళ్ళు చేశావు, బాగున్నావు" అన్నారు. రెండేళ్ళు పోయాక ముఖం చందమామలా ఉబ్బింది, మెడ వెనక మూపురంలా కొవ్వు పెరిగింది, చెయ్యి ఎక్కడ తగిలినా చర్మం కందిపోయేది. అప్పుడు మా ఆడపడుచు పట్నం నుంచి వచ్చి చూసి, "ఇవి స్టెరాయిడ్లు వదినా, ఈ క్షణమే పారేయ్" అంది. ఆమె అనుమానం నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆమె సలహా నన్ను చావుదాకా తీసుకెళ్ళింది.

పారేశాను. నాలుగోరోజు నుంచి వాంతులు. ఆరోరోజు శ్రావణ శుక్రవారం, పూజ దగ్గర కూర్చుని లేవబోయి పడిపోయాను. ఆసుపత్రికి చేర్చేసరికి రక్తపోటు 70 దగ్గర ఉందట. విషజ్వరమేమోనని, గుండెజబ్బేమోనని అందరూ తలోమాట అనుకుంటుంటే, రాత్రి డ్యూటీలో ఉన్న ఒక చిన్న వయసు డాక్టరమ్మ నా ముఖం, నా చేతుల మీద మచ్చలు చూసి ఒక్క ప్రశ్న అడిగింది. "ఈ వారంలో ఏ మాత్రలు మానేశారు?" మా అబ్బాయి ఇంటికి వెళ్ళి చెత్తబుట్టలో నుంచి పొట్లం తీసుకొచ్చాడు. సెలైన్‌తో పాటు 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లారేసరికి లేచి కూర్చుని చాయ్ అడిగానట. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఎందుకు అలా అయిందో చెబుతాను. మన మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. బడి పుస్తకాల్లో అధివృక్క గ్రంథులు అని చదువుకున్నాం, డాక్టర్లు అడ్రినల్ అంటారు. వాటిలో కార్టిసాల్ అనే హార్మోను ఊరుతుంది. తెల్లవారుజామున ఎక్కువగా, అర్ధరాత్రి బాగా తక్కువగా ఊరుతుంది. రక్తపోటు నిలబడాలన్నా, రక్తంలో చక్కెర పడిపోకుండా ఉండాలన్నా, జ్వరాన్నో దెబ్బనో శరీరం తట్టుకోవాలన్నా అది కావాలి. రోజుకు మన ఒంట్లో ఊరే కార్టిసాల్ సుమారుగా 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్ చేసే పని చేస్తుంది. బయటి నుంచి నెలల తరబడి అంతకన్నా ఎక్కువ పోస్తూ ఉంటే మెదడు చూస్తుంది, రక్తంలో కావలసినంత ఉంది కదా అని ఆ గ్రంథులకు ఆజ్ఞ పంపడం ఆపేస్తుంది. పని లేని గ్రంథి కుంచించుకుపోతుంది.

మా తాతగారి మోటబావి నాకు గుర్తొస్తుంది. బోరు వేయించాక ఆ బావి వైపు ఎవరూ చూడలేదు. పూడిక చేరింది, ఊటలు మూసుకుపోయాయి. ఒక వేసవిలో బోరు హఠాత్తుగా ఎండింది. బావి దగ్గరికి పరుగెత్తితే అడుగున తడి మట్టి తప్ప ఏమీ లేదు. బావి చచ్చిపోలేదు. పూడిక తీస్తే రెండు నెలలకు మళ్ళీ నీళ్ళొచ్చాయి. కానీ ఆ రెండు నెలలూ పొలానికి నీళ్ళెక్కడివి? బోరు ఇంకా పోస్తుండగానే పూడిక తీయడం మొదలుపెట్టి ఉంటే పంట దక్కేది. స్టెరాయిడ్‌ను మెల్లగా తగ్గించడం ఆ పనే. బయటి నీరు కొద్దికొద్దిగా తగ్గిస్తూ, లోపలి ఊట మళ్ళీ ఊరేదాకా ఆగడం.

ఈ మందు కథ కూడా తెలుసుకోవాలి. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు ఒక విషయం గమనించాడు. కీళ్ళవాతం ఉన్న స్త్రీలకు గర్భంతో ఉన్నప్పుడు నొప్పులు తగ్గేవి. కామెర్లు వచ్చినవాళ్ళకు కూడా తగ్గేవి. మన ఊళ్ళలోనూ "కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ హాయిగా ఉన్నాను" అనే తల్లులు ఉన్నారు, వినే ఉంటారు. ఒంట్లోనే ఏదో మందు ఊరుతోందని ఆయన ఊహ. 1948 సెప్టెంబరులో, మంచం దిగలేని ఒక 29 ఏళ్ళ స్త్రీకి కార్టిసాల్‌కు దగ్గరి బంధువైన కార్టిసోన్ ఇంజెక్షన్లు ఇస్తే కొద్దిరోజుల్లోనే నడిచింది. 1950లో హెంచ్‌కు, రసాయన శాస్త్రవేత్తలైన ఎడ్వర్డ్ కెండాల్‌కు, రైక్‌స్టైన్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు. ఇంజెక్షన్లు ఆపగానే నొప్పులు తిరిగి వస్తాయనీ, ఆపకుండా ఇస్తే ఒళ్ళు పాడవుతుందనీ ఆ తొలి రోగులతోనే తెలిసింది. మీరూ నేనూ ఈరోజు పడుతున్న ఇబ్బంది ఆ మందు పుట్టినప్పుడే పుట్టింది. అందుకే దీన్ని దేవుడనీ అనను, దయ్యమనీ అనను.

దీన్ని తగ్గించాలంటే దాని పనిని ఇంకొక మందు అందుకోవాలి. ఈ మాట చాలామందికి ఎవరూ చెప్పరు. నాకు హైదరాబాదులో కీళ్ళ వైద్య నిపుణుడు ముందు మెథోట్రెక్సేట్ మొదలుపెట్టాడు. అది పని అందుకోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా స్టెరాయిడ్ కాపు కాస్తుంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే, గుర్తుంచుకోండి. నేను ఆదివారం అని పెట్టుకున్నాను. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద వారంలో ఏ రోజో డాక్టరుతోనే రాయించుకోండి. దానితో పాటు హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా ఇచ్చారు. 2020 వసంతంలో కరోనాకు పనిచేస్తుందన్న ప్రచారంతో ఆ మాత్ర దుకాణాల్లో దొరక్కుండా పోయింది. రోజూ దానిమీదే బతికే మాలాంటివాళ్ళం మూడు ఊళ్ళు తిరిగాం. అందుకే ఆ ఏడాది చాలాకాలం నా స్టెరాయిడ్ 10 దగ్గరే ఆగిపోయింది. ఆగడం కూడా ప్రణాళికలో భాగమేనని డాక్టరుగారు అప్పుడే చెప్పారు.

ఇక తగ్గించిన తీరు. 20 నుంచి 10కి నాలుగు నెలల్లో వచ్చాను. పెద్దగా కష్టం అనిపించలేదు. అసలు ప్రయాణం ఆ తర్వాత మొదలైంది. లెక్క చూడండి: 20లో నుంచి రెండున్నర తీసేస్తే పోయేది ఎనిమిదో వంతు. 5లో నుంచి అదే రెండున్నర తీసేస్తే సగం పోతుంది. పైగా 5కు పైన మనం తగ్గించేది శరీరానికి అవసరమైనదానికి మించిన భాగం. 5 దాటి కిందికి దిగిన ప్రతి అడుగునూ మన సొంత ఊట నింపాలి. "ఇరవై నుంచి పదికి నాలుగు నెలల్లో వచ్చావు, ఈ చివరి ఐదుకు ఏళ్ళేమిటి?" అని అడిగే ఇంటివాళ్ళు ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకోవాలి.

మా ఇంట్లో గోడకు తెలుగు కేలండరు ఉంటుంది. తిథులు, వర్జ్యాలు, పాలవాడి లెక్క, గ్యాసు బండ తేదీ అన్నీ దానిమీదే. డాక్టరుగారు దానిమీదే రాయమన్నారు. 10 నుంచి ఏడున్నరకు దిగేటప్పుడు మొదటి వారం బుధవారం ఒక్కరోజే ఏడున్నర, మిగతా ఆరు రోజులూ పదే. రెండో వారం రెండు రోజులు. మూడో వారం మూడు. అలా ఏడో వారానికి అన్ని రోజులూ ఏడున్నర. తర్వాత ఒక నెల అక్కడే నిలిచాను. మా మండలంలో 5, 10 మిల్లీగ్రాముల మాత్రలే దొరికేవి. రెండున్నర కోసం నల్లగొండ రావలసి వచ్చేది. ఇది నాకు రాసిన లెక్క, మీది కాదు. లూపస్, అంటే ఒంటి రక్షణశక్తి ఒంటి మీదే తిరగబడే జబ్బు, మూత్రపిండాలకు వచ్చినవాళ్ళకు, పెద్దపేగు పూత ఉన్నవాళ్ళకు, ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డలు కట్టే సార్కాయిడ్ ఉన్నవాళ్ళకు లెక్కలు వేరు. మీ డాక్టరును "నా కేలండరు రాసివ్వండి" అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడు అన్నిటికన్నా చిక్కైన విషయం. ఒక అడుగు దిగాక నొప్పి వస్తుంది. అది జబ్బు తిరగబెట్టడమా, లేక ఒళ్ళు కొత్త డోసుకు అలవాటు పడుతోందా? ఈ రెండింటినీ గుర్తుపట్టడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. డోసు దిగిన రెండు మూడు రోజులకే వచ్చి, ఒళ్ళంతా జ్వరం తగిలినట్టు కండరాలు లాగుతూ, నీరసం, దిగులు, ఆకలి లేకపోవడం ఉండి, వారం పది రోజుల్లో క్రమంగా తేలికపడితే అది సాధారణంగా అలవాటు పడే బాధ. పాత కీళ్ళే వాచి, తాకితే వెచ్చగా ఉండి, పొద్దునపూట బిగువు రోజురోజుకూ పెరుగుతూ పోతే అది జబ్బు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే, ఒంట్లో వాపు ఎంతుందో చూపే రక్తపరీక్షలు కొంత సాయం చేస్తాయి. నేను కేలండరు గడిలో పొద్దున చేతులు విప్పుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాస్తాను. ఇరవై, ఇరవై, ముప్పై, ఇరవై అని ఉంటే భయం లేదు. ఇరవై, నలభై, అరవై, తొంభై అయితే అదే రోజు ఫోను చేస్తాను. డాక్టరు దగ్గర "బాగా నొప్పిగా ఉంది సార్" అంటే ఆయన చేయగలిగింది తక్కువ. ఆ కేలండరు పేజీ ముందు పెట్టినప్పుడు ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని చూశారు.

2022లో నేనొక తప్పు చేశాను. బతుకమ్మ పండుగకు ముఖం ఉబ్బు తగ్గాలని, ఎవరికీ చెప్పకుండా 5 నుంచి ఒకేసారి రెండున్నరకు దిగాను. సద్దుల బతుకమ్మ నాటికి మణికట్లు ఎలా వాచాయంటే, చప్పట్లు కొట్టలేక గట్టు మీద కూర్చుని చూశాను. తొమ్మిది రోజుల పండుగలో అసలు పండుగనాడు చేతులు లేకుండా పోయాయి. మళ్ళీ 5కు వెళ్ళి ఆరు నెలలు ఉండవలసి వచ్చింది. డాక్టరుగారు కోప్పడలేదు. "వెనక్కి వెళ్ళడం ఓటమి కాదు, మీరు చెప్పకుండా దిగడమే నాకు బాధ" అన్నారు. ఆ మాటతో తలదించుకున్నాను.

2021 వేసవి గురించి కూడా చెప్పాలి. అంతకుముందు ఏడాది జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరిశోధనలో, ఆక్సిజన్ అవసరమైన కరోనా రోగులకు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుందని తేలింది. రోజుకు 6 మిల్లీగ్రాములు, పదిరోజులు. మంచి వార్త. కానీ 2021లో, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడిన కరోనా రోగుల్లో బ్లాక్ ఫంగస్ కనిపించినప్పుడు స్టెరాయిడ్ అనే మాట పల్లెల్లో భూతమైంది. ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళు భయంతో ఒక్కసారిగా మానేశారు. అచ్చంపేట వైపు నుంచి ఒక చెల్లెలు నాకు ఫోనులో పరిచయం. లూపస్ ఉంది. భర్తతో ముంబయికి పనికి వెళ్ళింది. మాత్రలు అయిపోయాయి, ఎలాగూ చెడ్డవే అంటున్నారు కదా అని ఊరుకుంది. రెండు వారాలకు కాళ్ళు వాచి మూత్రపిండాల దాకా వచ్చింది. ఇప్పుడు కోలుకుంటోంది. పాలమూరు నుంచి పనికి పోయేవాళ్ళ మూటల్లో మూడు నెలల మాత్రలు, ఒక నకలు చీటీ ఉండాలని అప్పటి నుంచి కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నాను. ఐదారు రోజులు ఆయాసానికో దురదకో వాడిన స్టెరాయిడ్‌ను సాధారణంగా అలాగే ఆపవచ్చు. మూడు నాలుగు వారాలు దాటి వాడినదాన్ని ఆపకూడదు, దించాలి. భయపడేవాళ్ళకు ఈ తేడా ఒక్కటి తెలిసినా చాలు.

మాత్ర పరిమాణం చూసి మోసపోకండి. 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కు సమానంగా డెక్సామెథసోన్ ముప్పావు మిల్లీగ్రాము చాలు, మిథైల్ ప్రెడ్నిసోలోన్ 4 కావాలి, డెఫ్లజాకార్ట్ 6 కావాలి. దుకాణంలో "ఇది కూడా అదే అమ్మా" అని వేరే పేరు మాత్ర చేతిలో పెడితే, అంకె ఒకటేనని వేసుకోవద్దు. పొద్దున, తిన్న తరువాత వేసుకోండి. ఊట పొద్దునే ఎక్కువ కాబట్టి అప్పుడు వేసుకుంటేనే దాని వరుస చెడకుండా ఉంటుంది. రాత్రి నిద్ర కూడా పడుతుంది. కార్తీక సోమవారం ఉపవాసమని మాత్ర మానేసే అక్కలు ఉన్నారు. పండో పాలో తీసుకుని మాత్ర వేసుకోండి, శివుడు ఏమీ అనుకోడు. ఎముకలకు కాల్షియం, విటమిన్ డి, కంటి పరీక్ష, షుగరు, బీపీ, ఇవన్నీ మీ డాక్టరు చెప్పే ఉంటారు. తుంటి దగ్గర కొత్తగా నొప్పి వస్తే మాత్రం కీళ్ళవాతమేలే అని వదిలేయకండి. స్టెరాయిడ్‌తో తుంటి ఎముకకు రక్తం అందక దెబ్బతినడం జరుగుతుంది, త్వరగా చూపించాలి.

జ్వరం వచ్చినప్పుడు, పన్ను పీకించుకునేటప్పుడు, ఆపరేషన్ అయినప్పుడు మామూలు మనిషి ఒంట్లో కార్టిసాల్ రోజూ కన్నా ఎక్కువ ఊరుతుంది. మన ఊట ఇంకా బలహీనం కాబట్టి అలాంటి రోజుల్లో డోసు పెంచవలసి ఉంటుంది. ఎంత పెంచాలో ముందే అడిగి రాయించుకోండి. వాంతులై మాత్ర లోపల నిలవకపోతే ఇంట్లో ఉండకూడదు, ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి వెళ్ళాలి. పూర్తిగా మానేసిన తరువాత కూడా ఏడాది దాకా ఈ జాగ్రత్త ఉండాలి. నా పర్సులో ఒక అట్ట ముక్క ఉంటుంది. "నేను చాలాకాలంగా స్టెరాయిడ్ వాడుతున్నాను. స్పృహ తప్పితే హైడ్రోకార్టిసోన్ ఇవ్వండి" అని రాసి ప్లాస్టిక్ తొడుగు వేయించాను. పది రూపాయల పని. ఆ రాత్రి డాక్టరమ్మ అడిగిన ప్రశ్న అందరు డాక్టర్లకూ తట్టకపోవచ్చు.

వచ్చే నెల నాకు ఉదయం ఎనిమిది గంటల కార్టిసాల్ పరీక్ష ఉంది. ముందురోజు పొద్దున వేసుకున్న మాత్ర తరువాత ఇరవై నాలుగు గంటలు ఆగి, ఆరోజు మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి. ఇది కూడా డాక్టరు చెబితేనే. పోయినసారి తక్కువే వచ్చింది. ఈసారి కొంచెం పెరిగితే రెండున్నరలో సగానికి దిగుతాను. పెరగకపోతే ఇంకో ఆరు నెలలు ఇక్కడే ఉంటాను.

ప్రశ్నలు తరువాత తీసుకుంటాను. దానికన్నా ముందు ఒక పని ఉంది. మీ మందుల సంచులు తెచ్చుకోమని చెప్పాం కదా, ఆ కుడివైపు బల్ల దగ్గర ఒక ఫార్మసిస్టు అమ్మాయి కూర్చుంది. చీటీలో ఉన్న మాత్ర, సంచిలో ఉన్న మాత్ర ఒకటేనా, అందులో స్టెరాయిడ్ ఎంతుంది అని చూసి మీకు తెలుగులో రాసిస్తుంది. పేరు లేని పొట్లాలు తెచ్చినవాళ్ళు ముందు రండి. సిగ్గుపడకండి. వాటిని ఈరోజే పారేయకండి కూడా. ముందు ఆమెకు చూపించండి, తరువాత డాక్టరుకు చూపించండి. మెట్ల దగ్గర కర్రతో నిలబడ్డ పెద్దమ్మను ఎవరైనా చెయ్యి పట్టుకుని తీసుకురండి, ఆమె చేతిలో నాకు పొట్లమే కనిపిస్తోంది.